మా చెలకలో రాకాసి గుళ్ల రాళ్లు ఉన్నాయి, బాపు డోజర్ కొట్టిస్తానంటున్నాడు, ఏం చెప్పి ఆపాలి?

చెలక_గట్టు
ములుగు అవతల గుట్టల కింద మాకు నాలుగెకరాల చెలక ఉంది. అందులో ఎకరం మేర ఎప్పుడూ దున్నలేదు. కారణం రాళ్లు. నడుమెత్తు గుండ్లు, కల్లం చుట్టూ పేర్చినట్టు గుండ్రంగా ఉంటాయి. అట్లాంటి వలయాలు మూడు. మూడోది సగమే మిగిలింది. పెద్దదాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే పన్నెండు అంగలు పడుతుంది. నడుమ చిన్న రాళ్ల కుప్ప, దాని కింది నుంచి ఒక బండ మూల బయటికి కనబడుతుంది. మా నానమ్మ ఉన్నన్నాళ్లూ వాటిని రాకాసి గుళ్లు అనేది. పొద్దుగూకితే మమ్మల్ని అటు పోనిచ్చేది కాదు.

ఈసారి ఆ ఎకరం కూడా పత్తిలో కలుపుకుందామని బాపు డోజర్ మాట్లాడాడు. వచ్చే గురువారం వస్తుంది, బేరం కూడా అయిపోయింది. నాకు మనసు ఒప్పడం లేదు. పోయిన అమావాస్య రాత్రి ఎవరో వచ్చి చిన్న వలయం నడుమ మోకాలి లోతు గుంత తవ్విపోయారు. నిమ్మకాయలు, పసుపు, కుంకుమ అక్కడే పడేశారు. గుంత పక్కన కుండ పెంకులు. ఒకటి చేతిలోకి తీసుకుంటే బయట ఎర్రగా, లోపల నల్లగా, అద్దంలా నున్నగా ఉంది.

ఇవి నిజంగా పాతవేనా? బాపుకు ఏం చెప్తే ఆగుతాడు? ఊరి పేరు, ఫొటోలు కింద పెట్టాను.

(తర్వాత మార్చినది: ఊరి పేరు, ఫొటోలు తీసేశాను. ఎందుకో కింది పోస్టులో ఉంది.)

పాతరాయి
ముందు ఊరి పేరు, ఫొటోలు తీసెయ్యండి. మిగతా మాటలు తర్వాత. నిధుల కోసం తిరిగే ముఠాలు ఇట్లాంటి చర్చలే వెతుక్కుంటాయి. ఒకసారి వచ్చినవాళ్లు సగం తవ్వి ఆగారంటే మళ్లీ వస్తారు.

చెలక_గట్టు
తీసేశా. నాకు తట్టలేదు.

బడిగంట
మంచి పని చేశావు తమ్మీ. మా అమ్మమ్మది తాడ్వాయి వైపు. రాకాసి గుళ్ల గురించి ఆమె చెప్పిన కథ వేరే. ఒకప్పుడు నిప్పుల వాన కురుస్తుందని ముందే తెలిసి, అప్పటి మనుషులు రాతి ఇళ్లు కట్టుకుని అందులో దూరారట. అయినా మిగల్లేదట. "అంత బండ ఎత్తినోళ్లకు కూడా పై నుంచి వచ్చేదాన్ని ఆపతరం కాలే" అని ముగించేది. చిన్నప్పుడు ఆ కథ వింటే రాత్రి కప్పు వైపు చూస్తూ పడుకునేదాన్ని.

పాతరాయి
చెలక_గట్టు, మీరు చెప్పిన గుర్తులన్నీ ఇనుప యుగం నాటి సమాధులకు సరిపోతున్నాయి. పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు అంటారు. దక్షిణాదిలో ఇట్లాంటివి ఎక్కువగా క్రీస్తు పూర్వం 1200 నుంచి క్రీస్తు శకం మొదలయ్యే దాకా కట్టారు. చుట్టూ ఉన్న గుండ్లు హద్దు. నడుమ కుప్ప కింద నాలుగు పక్కలా బండలు నిలబెట్టి పెట్టెలాంటి గది చేస్తారు, పైన ఒక బండ కప్పుతారు. మీకు మూల కనబడుతున్నది ఆ కప్పుబండే అయి ఉండొచ్చు.

ఆ పెంకు చాలా ముఖ్యం. కుండను ఆవంలో బోర్లించి కాలిస్తే లోపలికీ అంచుకూ గాలి అందదు, అక్కడ నలుపు నిలుస్తుంది. బయటి వైపు గాలి తగిలి ఎరుపెక్కుతుంది. రెండు రంగులూ ఒకే కాల్పులో వస్తాయి. ఈ ఎరుపు నలుపు కుండలు ఆ సమాధుల్లో మామూలుగా కనబడతాయి. చనిపోయినవాళ్లతో పాటు తిండి గింజలు, ఇనుప పనిముట్లు, పూసలు పెట్టేవాళ్లు. చాలాచోట్ల శవాన్ని నేరుగా పెట్టలేదు కూడా. ముందు ఎక్కడో ఉంచి, తర్వాత ఎముకలు ఏరుకొచ్చి ఇక్కడ పెట్టారు.

మానేరు_ఒడ్డు
చూడకుండానే తేల్చేస్తున్నారు. రాళ్లు గుండ్రంగా ఉన్నంత మాత్రాన సమాధి కాదు. మా దగ్గర గొల్లోళ్లు మంద తోలేటందుకు రాళ్లతో దొడ్డి కట్టుకుంటారు, పదేళ్లు పోతే అదీ పాతదానిలాగే కనబడుతుంది. చెలక దున్నేటప్పుడు ఏరి కుప్పపోసిన రాళ్లకు పాండవుల పేరు తగిలించడం మన జిల్లాల్లో ప్రతి ఊళ్లో ఉన్నదే.

పాతరాయి
న్యాయమైన మాట. తేడా కనిపెట్టడానికి నేను మూడు చూస్తాను. గుండ్లు నేల మీద కూర్చున్నాయా, నేలలోకి దిగి ఉన్నాయా? దొడ్డి కోసం ఎవరూ అంత గుండును పాతరు. లోపలికి దారి ఉందా? దొడ్డికి దారి లేకుంటే పనికిరాదు. నడుమ ఖాళీగా ఉందా, చిన్న రాళ్లతో నిండి ఉందా? మంద నిలిచే చోట రాళ్లు నింపరు.

చెలక_గట్టు
పొద్దున పోయి చూసొచ్చా. గుండ్లన్నీ దిగబడి ఉన్నాయి. ఒకదాని మొదట్లో మట్టి తీస్తే జానెడు లోతుకు పోయినా రాయి అడుగు తగల్లేదు. దారి ఎక్కడా లేదు. నడుమంతా పిడికెడు, తలకాయంత రాళ్లు.

పాతరాయి
ఇక మట్టి తీయకండి. చూసింది చాలు.

మానేరు_ఒడ్డు
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మా సుల్తానాబాద్ దిక్కు కదంబాపూర్‌లో ఇట్లాంటి సమాధులనే పురావస్తు శాఖ తవ్వింది. అవి మా ఊరికి దగ్గరే, అయినా బడిలో ఎవరూ చెప్పలేదు. శాతవాహనుల నాటి కోటిలింగాల, ధూళికట్ట గురించి చెప్తారు, వాటికంటే ముందు ఇక్కడ బతికినోళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు.

బడిగంట
నేను చెప్తున్నాను మానేరు గారూ. మా బడి పిల్లలను రెండుసార్లు దామరవాయి తీసుకుపోయాను. పస్రా దాటి తాడ్వాయి మీదుగా పోవాలి. అక్కడివి చెలక_గట్టు వాళ్ల రాళ్లలాంటివి కావు, పాతేసి ఉండవు. గుట్ట మీద నేలపైనే కట్టినవి. మూడు పక్కలా బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ పరిచారు, ముందు వైపు తెరిచి ఉంటుంది. లోపల రాతిని తొలిచి చేసిన తొట్టి, మనిషిని పడుకోబెట్టేంత. గుట్ట మీద అట్లాంటివి ఒకటి రెండు కాదు, వందకు పైనే. చెట్ల నడుమ నడుస్తూ పోతుంటే ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. మొదటిసారి చూసినప్పుడు పిల్లలంతా ఒక్కసారిగా మాట్లాడడం ఆపేశారు. ముప్పై రెండు మంది పిల్లలు చెప్పకుండా నిశ్శబ్దం కావడం నా సర్వీసులో అదే మొదలు.

ఒక ఆరో తరగతి పిల్ల అడిగింది, "టీచర్, గుట్ట కింద జాగా ఉన్నది కదా, పైకెందుకు మోసుకొచ్చిన్రు?" అని. నా దగ్గర జవాబు లేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్‌కొచ్చింది, ఇంకా గుర్తుచేస్తూనే ఉంటుంది.

గోదారి_ఇసుక
బండ అక్కడిదే టీచర్. మన గోదావరి లోయ గుట్టలు చాలావరకు ఇసుకరాయి. అది పొరలు పొరలుగా ఉంటుంది, పొర వెంబడి సందు దొరికితే పలకలా లేస్తుంది. కింది నుంచి మోయాల్సిన పని లేదు, గుట్ట మీదే లేపి గుట్ట మీదే నిలబెట్టొచ్చు. మైదానంలో గుండ్లు, గుట్టల మీద పలకలు. చేతికి ఏ రాయి దొరికితే ఆ రాయితో కట్టుకున్నారు.

బడిగంట
ఇది చెప్తాను దానికి. కానీ "పైన ఎందుకు" అనేదానికి ఇది సగం జవాబే అంటుంది చూడండి.

రాత్రి_బండి
అందరూ చదువు మాటలు చెప్తున్నారు. అసలు విషయం అడుగుతా. కింద బంగారం ఉంటుందా ఉండదా? మా దూరపు చుట్టం ఒకాయనకు ఇట్లాంటి గుండ్ల కిందే లంకెబిందెలు దొరికాయని అంటారు. రెండేళ్లలో బిల్డింగ్ లేపాడు.

నంగునూరు_మామ
నేను కళ్లారా చూసింది చెప్తా విను. 2017లో సిద్దిపేట దిక్కు మా మండలంలో నర్మెట, పాలమాకుల దగ్గర సర్కారే తవ్వించింది, పుల్లూరులోనూ తవ్వారు. నర్మెటలో నడి సమాధి మీది కప్పుబండ నలభై టన్నులకు పైన ఉంది. దాన్ని లేపేటందుకు పెద్ద క్రేన్ తెప్పించారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి గట్ల మీద నిలబడ్డాయి, జాతరలాగ. పక్కన ఒక ముసలాయన "కట్టినోళ్లను పిలిస్తే అయిపోవు కదా బిడ్డా" అంటే అందరూ నవ్వారు.

బండ లేచింది. కింద ఏముంది? మట్టి. మట్టిని బ్రష్షులతో, చిన్న తాపీలతో రోజుల తరబడి తీశారు. కుండలు, ఎముకలు, ఎముకతో చేసిన చిన్న నగ ముక్కలు బయటపడ్డాయి. బంగారం కోసం వచ్చినోళ్లు రెండో రోజుకే ఇంటికి పోయారు. నేను మాత్రం రోజూ పోయాను. ఒక పుర్రె బయటపడ్డ రోజు అక్కడ పనిచేసే ఆడకూలి చెప్పులు విడిచి పక్కన నిలబడింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు.

పాతరాయి
రాత్రి_బండి గారూ, ఈ సమాధుల్లో ఎక్కువ భాగం మన దగ్గర నాణేలు పుట్టకముందువి. కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేల కాలం వీటి చివరికి వస్తుంది. బిందెల్లో డబ్బు దాచుకునే అలవాటు ఆ జనానికి లేదు. దొరికేది బాణపు మొనలు, కొడవళ్లు, కత్తులు, ఎర్రరాతి పూసలు. దక్షిణాదిలో కొన్నిచోట్ల బంగారం తునకలు దొరికిన మాట నిజమే, అది చాలా అరుదు.

సర్వే_గొలుసు
ఇంకో మాట కూడా చేర్చాలి. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. దాచుకుంటే జైలు. ఆ చుట్టం కథ ఇంకెక్కడా చెప్పకండి, నిజమైతే ఆయనకే ముప్పు.

రాత్రి_బండి
సరే, అర్థమైంది. తవ్వేవాళ్లను సమర్థించడానికి అడగలేదు. మా ఊళ్లో ఇదే నమ్ముతారు, అందుకే అడిగా.

బకెట్_పళ్లు
నేను పదకొండేళ్లుగా డోజర్, జేసీబీ నడుపుతున్నా. ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది.

నాలుగేళ్ల కింద జనగామ దిక్కు ఒక వెంచర్ పనికి పోయాను. గుట్ట వారన నేల చదును చేయాలి. గుండ్లు వరుసగా ఉన్నాయి, పక్కకు నెట్టాను. నడుమ బకెట్ పెడితే ఒక పలక బండకు తగిలి బండి మొత్తం ఊగింది. బండ పగిలింది. కింద ఖాళీ జాగా, అందులో ఇంత ఎత్తు కుండ, నిలబడే ఉంది. చుట్టూ చిన్న గిన్నెలు, మూతలు పెట్టినవి పెట్టినట్టే. దిగి చూశా. కుండ పక్కన మనిషి చెయ్యి ఎముక, వేళ్లు విడివిడిగా.

పని చేయించేటాయనకు ఫోన్ చేశా. "ఎవరికీ చూపకు, పూడ్చేసి పో, గంట లెక్క నడుస్తుంది" అన్నాడు. పూడ్చాను. అంటే బకెట్‌తో కొట్టి మట్టి కప్పాను. ఇప్పుడు దాని మీద ముప్పై అడుగుల రోడ్డు ఉంది.

ఆ గిన్నెల మూతలు నాకు మరుపుకు రావు. ఎవరో ఎవరి కోసమో అన్నం పెట్టి మూత వేసి పోయారు. అన్ని వేల ఏళ్లు ఎవరూ తీయలేదు, నేను ఒక్క నిమిషంలో తీశాను. అప్పటి నుంచి పనికి ఒప్పుకునే ముందు నేల తిరిగి చూస్తున్నా. గుండ్లు వరుసలో కనబడితే ఎంత ఇచ్చినా బండి దింపను. చెలక_గట్టు అన్నా, ఆ వచ్చే ఆపరేటర్ నంబర్ నాకు పర్సనల్‌గా పంపు. మా వాళ్లలో మాట్లాడతా. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వేరే పనికి మార్పిస్తా, పైసలు పోవు.

చెలక_గట్టు
పంపిస్తున్నా అన్నా. చదువుతుంటే చేతులు వణికాయి.

నంగునూరు_మామ
నువ్వు చెప్పినందుకు సంతోషం బిడ్డా. చేసింది చెప్పుకోవడానికి గుండె కావాలి.

ఏజెన్సీ_బాట
మొదటి నుంచీ చదువుతున్నా. ఒక్క మాట మీద నాకు అభ్యంతరం. "రాకాసి". ఎవరు రాకాసులు? మేము కోయవాళ్లం, ఏటూరునాగారం లోపలి ఊరు. పెద్ద మనిషి పోతే మా పాత పద్ధతిలో ఆయన పేర రాయి నిలబెట్టేవాళ్లు. ఆవును కోసి, దాని తోకను ఆ రాయికి కట్టేవాళ్లని మా తాత చెప్పేవాడు. ఆ రాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్ల బయట ఉన్నాయి. ఏ రాయి ఏ ఇంటిపేరు వాళ్లదో పెద్దలకు తెలుసు. పండుగలో వాళ్లకూ ఇంత పెట్టి మేము తింటాం.

మైదానం నుంచి వచ్చినవాళ్లు ఎవరికీ తెలియని రాయి కనబడితే రాకాసి అన్నారు, పాండవులు అన్నారు. ఇక్కడ బతికిన మామూలు మనుషులు చేశారని మాత్రం అనలేదు. పేరు అట్లా పెట్టారు కాబట్టే కొట్టేయడానికి చెయ్యి వణకదు. రాకాసి ఇల్లు కూలిస్తే పాపం ఎందుకు తగులుతుంది?

పాతరాయి
ఒప్పుకుంటాను. ఒక జాగ్రత్త మాత్రం. మూడు వేల ఏళ్ల కిందటి సమాధి కట్టినవాళ్లే నేటి కోయల పూర్వీకులు అని రుజువు లేకుండా చెప్పలేం. రాయి నిలబెట్టే ఆచారం ఈ నేలలో ఆగకుండా నడిచిందని చెప్పొచ్చు.

ఏజెన్సీ_బాట
నేను రుజువు గురించి మాట్లాడలేదు. మా రక్తమా కాదా అనేది మీ పరీక్షలు చెప్తాయి. చనిపోయినవాళ్ల జాగా అని తెలిశాక దాన్ని ఆ పేరుతో పిలవండి అంటున్నా, అంతే. మా దగ్గర అది తెలిసిన పిల్లవాడు కూడా అక్కడ చెప్పులతో నడవడు.

గోదారి_ఇసుక
పేరు చేసే పని మీద నాదీ ఒక ముక్క. కాటాపూర్, మల్లూరు వైపు, ఇంకా కింద పినపాక మండలం జానంపేటలో, ఈ సమాధుల దగ్గర మనిషి ఆకారంలో చెక్కిన నిలువు రాళ్లు ఉన్నాయి. తల, రెండు వైపులా చాచిన చేతులు. కొన్నింటికి రొమ్ములు చెక్కారు, ఆడమనిషని తెలుస్తుంది. 1860ల్లో తెల్లవాళ్లు వీటిని చూసి శిలువలు అని రాసుకున్నారు. ఇక్కడ ఒకప్పుడు క్రైస్తవులు ఉన్నారేమో అనే దాకా పోయింది వాళ్ల ఊహ. ఎవరికి వాళ్లు తమ దేవుణ్ణో తమ భూతాన్నో చూసుకున్నారు. రాయి మాత్రం చేతులు చాచిన మనిషి.

వరంగల్_కోట
మీరంతా బాగా చెప్తున్నారు, నాకు మాత్రం కోపం ఆగడం లేదు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు హన్మకొండ చౌరస్తాలో మిఠాయిలు పంచినవాళ్లలో నేనూ ఉన్నా. ఆ గుడికి ఎనిమిది వందల ఏళ్లు. దానికి ఆమడ దూరంలో దానికంటే రెండు వేల ఏళ్లు పాత సమాధులు ఉంటే బోర్డు కూడా ఉండదు. మా మేనత్త ఊళ్లో గుట్ట కింద ఇట్లాంటి వలయాలు తొమ్మిది ఉండేవి. క్వారీ వస్తుందని తెలిసి ఒక ఆఫీసుకు రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. రసీదు ఇచ్చారు, ఎవరూ రాలేదు. ఇప్పుడక్కడ నీళ్లు నిండిన గొయ్యి ఉంది. నేను గీసుకున్న పటం తప్ప ఏమీ మిగల్లేదు.

సర్వే_గొలుసు
ఆ పటం పారేయకండి. అదే ఇప్పుడు సాక్ష్యం.

చెలక_గట్టు, డోజర్ ఆగినా ఆగకపోయినా మీరు రేపే చేయాల్సిన పని ఇది. ఒక తాడు, టేపు, దిక్సూచి తీసుకుపోండి. ఫోన్లోనే దిక్సూచి ఉంటుంది. ప్రతి వలయానికి నడుమ నుంచి ఒక్కో గుండుకు దూరం, దిక్కు రాసుకోండి. గుండ్లు లెక్కపెట్టి నంబర్లు కాగితం మీదే వేయండి, రాయి మీద సున్నం, రంగు పూయొద్దు. ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక కొలబద్ద పెట్టండి, చెప్పు గానీ అగ్గిపెట్టె గానీ కాదు. ఆ గుంతలో నుంచి బయటపడ్డ పెంకులు కడగొద్దు, కవరులో వేసి ఎక్కడ దొరికాయో చీటీ రాసి లోపల పెట్టండి. గుంతను అదే మట్టితో మెల్లగా నింపండి. ఇవన్నీ రెండు కాపీలు చేసి ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఇంకొకటి రాష్ట్ర వారసత్వ శాఖకు రిజిస్టర్ పోస్టులో పంపండి. జవాబు రాకపోయినా అక్కడ ఏముందో కాగితం మీద ఉంటుంది.

చెలక_గట్టు
సార్, బాపుకు అసలు భయం వేరే. "చెప్పినవనుకో, సర్కారోళ్లు వచ్చి నాలుగెకరాలకూ కంచె వేస్తరు, పట్టా పోతది" అంటున్నాడు. ఇదే మాట ఊళ్లో అందరూ అంటారు. దీనికేం చెప్పాలి?

సర్వే_గొలుసు
ఈ భయం వల్లే సగం రాళ్లు పోయాయి. అర్థం చేసుకోదగ్గ భయమే, కొట్టిపారేయను. కబురు చేసినంత మాత్రాన పట్టా పోదు. కేంద్రం ఒక చోటును రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే 1958 చట్టం ప్రకారం ముందు నోటీసు అంటించి రెండు నెలలు అభ్యంతరాలు వినాలి. ప్రకటించినా భూమి యజమాని పేరు మీదే ఉండొచ్చు, యజమానితో ఒప్పందం చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. ఆంక్షలు ఉండవని మాత్రం చెప్పను. కేంద్ర రక్షణ వస్తే వంద మీటర్ల దాకా కొత్త కట్టడం కట్టలేరు, ఆపైన రెండు వందల మీటర్లు అనుమతితోనే. అక్కడ ఇల్లు కడదామనే ఆలోచన ఉంటే ముందే తెలుసుకోవాలి.

చెలక_గట్టు
ఇల్లు ఆలోచన లేదు. పత్తే.

కృష్ణ_ఒడ్డు
మాది నారాయణపేట, చాలా దూరం. అయినా చెప్తా. మా ముడుమాల నిలువురాళ్ల గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. పది పన్నెండు అడుగుల రాళ్లు పదుల సంఖ్యలో, చిన్నవి వేలల్లో. ఒక రాయి మీద సప్తర్షి మండలం గుంటలుగా చెక్కి ఉంది. మా చిన్నప్పుడు పొలాలు చదును చేసేటప్పుడు గట్లకు మోసిన రాళ్లు ఎన్నో లెక్క లేదు. పెద్దవి ఎందుకు మిగిలాయంటే మా వాళ్లు వాటిని నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు, ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. పేరు సంగతి పైన ఏజెన్సీ_బాట రాసింది చదివి మా ఊరే గుర్తొచ్చింది.

మానేరు_ఒడ్డు
అంటే బొట్టు పెట్టేస్తే పని అయిపోతుందా? రాత్రికి రాత్రి దేవుణ్ణి చేసేద్దాం.

పాతరాయి
వద్దు. బొట్టు పెడితే గద్దె కడతారు, గద్దె కడితే సిమెంటు వేస్తారు, సిమెంటు కోసం నడుమ కుప్ప తీసేస్తారు. అట్లా పోయినవీ ఉన్నాయి.

చెలక_గట్టు
నిన్న రాత్రి జరిగింది రాస్తున్నా.

అన్నం తిన్నాక బాపు దగ్గర కూర్చుని ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించా. చట్టం, యునెస్కో అంటే "ఊఁ" అన్నాడు, అంతే. బకెట్_పళ్లు అన్న రాసింది చదివినప్పుడు బీడీ ఆర్పేశాడు. ఏజెన్సీ_బాట గారిది చదివాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అంటే అది బొందలగడ్డనా?"

అవునన్నా.

"మరి గుళ్లు గుళ్లు అన్నరు గదా ఎప్పుడూ. ఎవడో కట్టి ఇడిసిపోయిన గుడి అనుకున్న. బొందలని ఎవ్వరూ చెప్పలే నాకు."

మా నానమ్మను పెట్టింది కూడా ఆ చెలకలోనే, ఇప్పచెట్టు కింద. ఆ రాళ్లకు ఇరవై గజాలు కూడా ఉండదు. డోజర్ వస్తే ఇప్పచెట్టు మటుకు వదిలేయాలని బాపు ముందే చెప్పి పెట్టుకున్నాడు. పొద్దున లేచి ఆయనే డోజర్ ఆయనకు ఫోన్ చేసి "ఆ ఎకరం వద్దు" అన్నాడు. నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది.

బడిగంట
తమ్మీ, చదివి కళ్లు తుడుచుకున్నా. మీ బాపుకు నా దండం చెప్పు.

బకెట్_పళ్లు
ఆపరేటర్‌తో మాట్లాడా. అడ్వాన్స్ వాపస్ ఇస్తాడు. ఆ గుంత పూడ్చడానికి నేను వస్తా, బండి లేకుండా. పారతో.

సర్వే_గొలుసు
పటం గీశారా?

చెలక_గట్టు
గీశా సార్. పెద్ద వలయంలో 26 గుండ్లు, రెండో దాంట్లో 19, సగం పోయిన దాంట్లో 8. ఒక చిక్కు ఉంది. ఆ సగం పోయిన వలయం చిన్నాయన వాటాలోకి పోతుంది, హద్దు సరిగ్గా దాని నడుమ నుంచి పోతుంది. ఎనిమిదిలో ఐదు ఆయనవి. ఆయన ఇంకా పత్తే అంటున్నాడు. బాపుకూ ఆయనకూ రెండేళ్లుగా మాటల్లేవు.

ఏజెన్సీ_బాట
మీ నానమ్మ ఆయనకూ అమ్మే కదా?

చెలక_గట్టు
అవును.

నంగునూరు_మామ
మరి ఎవరు మాట్లాడతారు?

చెలక_గట్టు
(నాలుగు రోజుల తర్వాత) ఆదివారం బకెట్_పళ్లు అన్న వచ్చాడు. ఇద్దరం గుంత పూడుస్తుంటే గట్టు అవతల నుంచి చిన్నాయన చూస్తున్నాడు. చివరికి దిగొచ్చి "ఏం చేస్తున్నరు" అని అడిగాడు. అన్న ఆయనకు ఆ జనగామ సంగతంతా చెప్పాడు, గిన్నెల మూతలతో సహా. అంతలో బాపు నీళ్ల బిందె తీసుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చిన్నాయన బిందె అందుకుని తాగాడు.

ఐదు రాళ్లూ తియ్యనన్నాడు. వాటి పక్కన బర్రెను కట్టేసుకుంటానన్నాడు, అక్కడ గడ్డి బాగుంటుందట. గూటం రాళ్లకు మూరెడు ఎడంగా పాతమని చెప్పాను. పాతాడు.